తోలు పదును

కొండపల్లి ఖిల్లా దిగువన బొమ్మలవారి ఇండ్ల నడుమ నడచువారికి మొదట వినవచ్చునది ఉలిచప్పుడు. పిమ్మట కనవచ్చునవి అరుగులమీద ఆరుచున్న విడి అవయవములు: ఏనుగు తొండములు, రాజు చేతులు, తాడిచెట్టు మట్టలు. కొండమీది తెల్లపొణికి కర్రను తెచ్చి, చెమ్మ విడిచిపోవునట్లు సన్నని సెగపై ఆరబెట్టి, భాగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపి నూరిన మక్కుతో వారు వానిని అతుకుదురు. పచ్చికర్రతో చేసిన బొమ్మ కొలదికాలమునకే బీటలు వారును. ఆరిన కర్రతో చేసి మక్కు పట్టించిన బొమ్మ తల్లి కొలువునుండి కూతురి కొలువునకు, కూతురి కొలువునుండి మనుమరాలి కొలువునకు నడచిపోవును. ప్రకృతి ఇచ్చిన పదార్థము ఇచ్చినది ఇచ్చినట్లే పనికి రాదనియు, అందులో కొంత తొలగించి, కొంత చేర్చి, వేడికిని ఒత్తిడికిని ఓర్చునట్లు దానిని మలచుకొనవలెననియు ఆ పనివారికి ఏ గ్రంథమును బోధింపలేదు. తరతరములుగా చేయి నేర్చుకొన్న విద్య అది.

ఈ విద్యనే నేటి రసాయనశాస్త్రము పాలిమర్ల సంస్కరణమని పిలుచుచున్నది. పాలిమరనగా చిన్నచిన్న అణువులు వందలకొలది, వేలకొలది ఒకదానికొకటి తగులుకొని ఏర్పడిన పొడవాటి గొలుసు. కర్రలోని సెల్యులోజు, చింతగింజలోని పిండి, పత్తి, పట్టు, రబ్బరు, పశుచర్మము, నేడు ఇంటింట వాడుకలోనున్న ప్లాస్టిక్కు, ఇవన్నియు గొలుసు అణువుల పదార్థములే. వీని వేడి నోర్చు శక్తిని, లాగుడు నోర్చు శక్తిని పెంపొందించుట ఎట్లన్నదే ఆ శాస్త్రమున ముఖ్యమైన ప్రశ్న. ఆ ప్రశ్నను చేపట్టి, మన కృష్ణాతీరమునుండి వెడలి, దేశదేశములలో పేరొందినవారు డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. వారు ఎన్నుకొన్న గొలుసు పట్టులోనిది కాదు, పత్తిలోనిది కాదు. ఊరు దూరముగా నుంచిన పశుచర్మములోనిది.

కొండపల్లినుండి బెజవాడ చేరి, కృష్ణను దాటి దక్షిణముగా పోయినచో తెనాలి వచ్చును. ఆ తెనాలి సమీపమున గల యలవర్రు గ్రామమున 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన నాయుడమ్మగారు ఒక రైతు కుటుంబమున జన్మించిరి. తండ్రి అంజయ్యగారు, తల్లి రాఘవమ్మగారు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల నీటితో పచ్చబడిన సీమ అది. వరిచేను, పశువుల కొట్టము, కాలువగట్టు, ఇవియే ఆ బాలుని తొలి లోకము.

ఆనాటి పల్లెలలో తోలుతో పడని పని లేదు. మెట్టపొలమున నీరు తోడు కపిల బాన తోలుది. పాదమునకు చెప్పు, జాతరకు డప్పు, భజనకు మద్దెల, తెరవెనుక ఆడు రావణాసురుని బొమ్మ, అన్నియు పశుచర్మముతో చేసినవే. అయినను ఆ చర్మమును ఒలిచి, సున్నపునీట నానవేసి, తంగేడు చెక్కతో పదును చేయువారి ఇండ్లు ఊరికి వెలుపల నుండెడివి. వారి చేతి వస్తువు ఊరి నడిబొడ్డునకు వచ్చెడిది, వారు రాకూడదు. ఆ దుర్వాసన, ఆ మురుగు, ఆ నింద మూడును వారికే వదలి, ఫలితమును మాత్రము సంఘము స్వీకరించెడిది. నాయుడమ్మగారి జీవితమును అర్థము చేసికొనగోరువారు ముందుగా ఈ సంగతిని తలచుకొనవలెను. చదువుకొన్న రైతుబిడ్డ వకీలో, వైద్యుడో, రెవెన్యూ ఉద్యోగియో కావలెనని ఇంటివారు కోరుకొను కాలమున ఆయన తోళ్ల శాస్త్రమును చేపట్టిరి.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పారిశ్రామిక రసాయనశాస్త్రమున పట్టభద్రులై, మద్రాసులోని తోళ్ల సాంకేతిక విద్యాలయమున వారు చేరిరి. ప్రయోగశాల గాజుగొట్టములకు అలవాటుపడిన యువకుడు సున్నపు గుంటల అంచున నిలిచి, పచ్చితోళ్లను చేతులతో తిరుగవేసి నేర్చుకొనవలసిన పని అది. ఆ పనిని నీచమని తలచువారు చుట్టును ఉండగా, అందులో గొప్ప రసాయన రహస్యమున్నదని వారు గుర్తించిరి.

ఆ రహస్యమేమో కొంత వివరింపక తప్పదు. చర్మమునందలి ముఖ్యపదార్థము కొల్లాజెనను ప్రోటీను. దాని ఒక్కొక్క గొలుసునందు ఇంచుమించు వేయి అమినో ఆమ్లములుండును. అట్టి గొలుసులు మూడు, పడుచుపిల్ల జడలో పాయలవలె, పెనవేసికొని ఒక అణువగును. అట్టి అణువులు కట్టలై, కట్టలు పోగులై, పోగులు అల్లికయై చర్మమగును. ఆ పాయలను కలిపియుంచునవి చాలవరకు బలహీనములైన హైడ్రోజను బంధములు. పచ్చితోలును నీటిలోనుంచి వేడిచేయుచు పోయినచో 60, 65 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద ఆ బంధములు తెగును, జడ విడిపోవును, తోలు తటాలున ముడుచుకొని దాదాపు మూడవవంతు పొడవునకు దిగును. ఇంకను కాచినచో కరిగి జిగురగును. అట్లే వదలినచో క్రుళ్లును. ఎండబెట్టినచో కొమ్మువలె బిరుసై, మడచినచోట పగులును.

పదును చేయుటయనగా ఆ గొలుసుల నడుమ క్రొత్త ముడులు వేయుట. తంగేడు చెక్క, కరక్కాయ, నల్లతుమ్మ చెక్క మొదలగువానియందలి వగరు పదార్థము పోగుల సందులలో చేరి వానిని ఒండొంటికి పట్టియుంచును. అట్లు పదునైన తోలు సుమారు 75 నుండి 85 డిగ్రీల వేడివరకు ముడుచుకొనక నిలుచును. మన పల్లెపనివారు ఎరిగినది ఈ పద్ధతియే. 1858లో ఫ్రీడ్రిక్ నాప్ అను జర్మను శాస్త్రజ్ఞుడు క్రోమియం లవణములతోను తోలు పదునగునని చూపెను. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జు, 1893లో మార్టిన్ డెన్నిస్ దానిని కర్మాగారమునకు తగిన విధానముగా తీర్చిరి. ముందు ఉప్పును ఆమ్లమును కలిపిన నీట తోలును నానబెట్టి, క్రోమియం లవణమును లోపలివరకు ఇంకనిచ్చి, పిమ్మట మెల్లమెల్లగా సోడాతో ఆమ్లగుణమును తగ్గింతురు. అప్పుడు క్రోమియం కొల్లాజెను గొలుసులందలి ఆమ్లపు కొసలను పట్టుకొని గొలుసును గొలుసునకు ముడివేయును. అట్లు ముడివడిన తోలు మరుగుచున్న నీటిలో వేసినను ముడుచుకొనదు. కర్మాగారమున పరీక్షయు అదియే: చిన్న ముక్కను కోసి, మరుగునీటిలో వేసి, దాని కొలత తగ్గినదో లేదో చూతురు.

ముడులు తక్కువైనచో తోలు వేడికి ఓర్వదు. మితిమీరినచో బిరుసెక్కి చిట్లును. ఎచ్చట, ఎన్ని, ఏ విధమైన ముడులు వేయవలెనన్న వివేకమే తోళ్ల శాస్త్రమునకు ఆయువుపట్టు. రబ్బరునకు గంధకము కలిపి వేడిచేసి దానిని ఎండకు కరగక చలికి పగులక నిలుచునట్లు చేసినదియు ఇట్టి ముడియే. అది 1839లో అమెరికాలో చార్లెస్ గుడియరు కనుగొన్న విధానము. దానికి వేల యేండ్లకు పూర్వమే తోళ్ల పనివారు ఆ సూత్రమును, పేరు తెలియకయే, వాడుకొనుచుండిరి.

ఈ విద్యలో లోతు చూడగోరి నాయుడమ్మగారు విదేశములకు వెళ్లిరి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున బెత్లెహేము ఉక్కు కర్మాగారములకు ప్రసిద్ధి గన్న పట్టణము. అచ్చటి లీహై విశ్వవిద్యాలయము తోళ్ల రసాయనమునకును ప్రసిద్ధమే. అందు పరిశోధన చేసి వారు డాక్టరేటు పట్టమును పొందిరి. తిరిగివచ్చి మద్రాసు అడయారులో 1948లో నెలకొల్పబడిన కేంద్ర చర్మపరిశోధన సంస్థలో చేరిరి.

స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో మన తోళ్ల వ్యాపారపు తీరు విచారకరముగా నుండెడిది. పశుసంపదలో అగ్రగణ్యమైన దేశమునుండి పచ్చితోళ్లును, సగము పదునైన తోళ్లును ఓడలకెక్కి విదేశములకు పోయెడివి. అచ్చట మెరుగులు దిద్దుకొని, బూట్లై, సంచులై, హెచ్చు వెలకు అమ్ముడుపోయెడివి. కష్టమును మురుగును మనకు, లాభము పరులకు. ఊరికిని వాడకును నడుమ జరిగిన అన్యాయమే ఇచ్చట దేశమునకును దేశమునకును నడుమ జరుగుచుండెను.

ఆ సంస్థ కేవలము కర్మాగారపు సందేహములు తీర్చు చోటుగా నుండలేదు. మద్రాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను భౌతికశాస్త్రజ్ఞులు 1954, 1955 సంవత్సరములలో కొల్లాజెను మూడు పాయల జడయని లోకమునకు చాటిరి. ఎక్సురే కిరణములతో పరీక్షించుటకు వారికి కొల్లాజెను నమూనాలు లభించినది పొరుగుననే యున్న ఈ చర్మపరిశోధన సంస్థనుండియే. జీవపదార్థ నిర్మాణమును గూర్చిన ఒక మహావిషయము తేలుటకు తోళ్ల సంస్థ తోడ్పడినదన్నమాట నేటి విద్యార్థులు తెలిసికొనదగినది.

1958లో, ముప్పదియైదేండ్లు దాటిన ప్రాయమున, నాయుడమ్మగారు ఆ సంస్థకు డైరెక్టరైరి. 1971వరకు ఆ పదవిలోనుండిరి. ఆ పదమూడేండ్లలో వారు చేసిన పనిని ఒక్కమాటలో చెప్పవలెనన్నచో, తోలులో వేసిన ముడులనే మనుష్యుల నడుమను వేసిరనవచ్చును. పరిశోధనపత్రము అచ్చగుటతో పని ముగిసినదని వారు తలపలేదు. ప్రయోగశాలలో తేలిన పద్ధతి ఆంబూరు, వాణియంబాడి తోళ్ల కార్ఖానాలలో తొట్టివరకు పోయినదా యని విచారించిరి. కార్ఖానాదారులను సంస్థకు రప్పించిరి. శాస్త్రజ్ఞులను కార్ఖానాలకు పంపిరి. విశ్వవిద్యాలయ విద్యార్థులు సంస్థలోనే తోళ్ల సాంకేతిక విద్యను అభ్యసించు ఏర్పాటు బలపడినది. చచ్చిన పశువును మోటుగా ఒలిచినచో కత్తిగాట్లతో తోలు చెడునని గ్రహించి, ఒలుపు మొదలుకొని ఎముక, కొవ్వు, కొమ్ము, గిట్టవరకు ఏదియు వ్యర్థము కాని విధానములను పల్లెపనివారికి నేర్పుటపై వారు దృష్టి నిలిపిరి. ఊరివెలుపలి మనుష్యుని చెంతకు శాస్త్రము పోవలెనే కాని, అతడే శాస్త్రము వాకిట నిలువవలెనన్న పద్ధతి వారికి సమ్మతము కాదు.

పరిశోధనను మాత్రము వారు విడిచిపెట్టలేదు. 1970 ప్రాంతమున వారును వారి సహచరులును కొల్లాజెనుమీద క్రొత్త పాలిమర్లను మొలిపించు ప్రయోగములు చేసి ప్రకటించిరి. దీనిని మనవారికి సులభముగా చెప్పవచ్చును. కొండపల్లికి అనతిదూరముననే నూజివీడు మామిడితోటలున్నవి. అచ్చటి తోటమాలి నాటుమొక్క కాండమును గాటుపెట్టి, రసముగల జాతికొమ్మను అంటు కట్టును. వేరు నాటుది, ఫలము మేలుది. అట్లే సీరియం అయానులతో కొల్లాజెను గొలుసుపై అక్కడక్కడ చురుకైన చోటులను కల్పించి, ఆ చోటులనుండి వినైలు జాతి చిన్న అణువులు ఒకదాని వెంట నొకటి చేరి కొమ్మలుగా పెరుగునట్లు చేసిరి. తోలు తోలుగనే యుండును, సహజగుణము పోదు. దానికి కృత్రిమ పాలిమరు గుణములు కొన్ని తోడగును. చర్మము అంతటను ఒకే తీరుగా నుండదు. పొట్టప్రక్క వదులుగాను, వెన్నుప్రక్క బిగువుగాను ఉండును. అట్టి వదులును నింపుటకు, తోలునకు నిండుదనమును ఒరిపిడి నోర్చు శక్తిని కల్పించుటకు ఈ అంటుకట్టు విద్య దారిచూపును. ప్రకృతి గొలుసును, మనుష్యుడు చేసిన గొలుసును ఒక్క పదార్థమున కలుపు శాస్త్రము ప్రపంచమున ఇంకను బాల్యావస్థలోనున్న రోజులలో ఆ పని మద్రాసులో జరిగినది.

1971లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగినది. ఆ సంవత్సరముననే శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టరు జనరలుగా ఢిల్లీకి పిలిచినది. 1977వరకు దేశమందలి ప్రయోగశాలల సమూహమునకు వారే పెద్దదిక్కు. పచ్చితోళ్లను సగము పదునుతో పంపివేయక, మనదేశముననే పూర్తిగా పదునుచేసి వస్తువులుగా అమ్మవలెనని వారు బహుకాలముగా వాదించిన విధానము ఆ దినములలోనే రూపుదాల్చినది. 1972లో సీతారామయ్య సంఘము చేసిన సిఫారసులను అనుసరించి, 1973నుండి సగము పదునైన తోళ్ల ఎగుమతికి ప్రభుత్వము హద్దులు విధించెను. సిద్ధమైన తోలు, బూట్లు, వస్తువులు ఓడలకెక్కుట అటుపిమ్మట హెచ్చినది.

అధికారము వారిని పల్లెకు దూరము చేయలేదు. తెలంగాణమున కరీంనగరము జిల్లాను ఎన్నుకొని, ప్రయోగశాలలలో పుట్టిన విద్యలను ఆ జిల్లా జనుల అక్కరలకు వినియోగించు ప్రయత్నమును 1970వ దశకమున వారు సాగించిరి. వివిధ శాఖల శాస్త్రజ్ఞులు ఒక్క జిల్లాకు కలసి పోయి, అచ్చటి మనుష్యులు ఏమి కోరుచున్నారో ముందు వినవలెనన్నది ఆ ప్రయత్నమునకు మూలము. అనంతరము 1981, 1982 సంవత్సరములలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి.

మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు వెలుగును మాత్రమే చూపుట వారికి గౌరవము కాదు. క్రోమియం తోలునకు బలమిచ్చినది. నేలకు బాధను తెచ్చినది. తొట్టిలో వేసిన క్రోమియమంతయు తోలునకు పట్టదు. మూడవవంతు వరకు నీటిలోనే మిగులును. ఆ నీరును, తోళ్లు చెడకుండ చల్లిన ఉప్పును కలసి తమిళనాట పాలారు పరీవాహకమున బావులను, పొలములను చెరచినవి. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల వ్యాజ్యమున, చెరచినవారే నష్టమును భరింపవలెనని తీర్పు చెప్పవలసి వచ్చినది. తోళ్ల పరిశ్రమ పెరిగినదని హర్షించు మనము, ఆ పెరుగుదలకు మూల్యము చెల్లించినవారిలో తొట్టి అంచున నిలిచిన కూలివారును, క్రిందియూరి రైతులును ఉన్నారని మరువరాదు. ఊరివెలుపలి పనివారికి దక్కిన లాభము పరిశ్రమకు దక్కినంత కాదనుటయు సత్యమే. నీరు చేర్చకయే క్రోమియమును తోలునకు పట్టించు విధానములను అడయారు సంస్థయే తరువాతికాలమున రూపొందించినది. నాయుడమ్మగారు మొదలిడిన పని ఇంకను ముగియలేదని, వారి సంస్థయే ఒప్పుకొని దిద్దుకొనుచున్నదని దీనివలన తెలియుచున్నది.

1985 జూన్ మాసమున వారు కెనడాలో పని ముగించుకొని స్వదేశమునకు బయలుదేరిరి. వారెక్కినది ఎయిరిండియావారి కనిష్క విమానము. జూన్ 23వ తేదీన ఐర్లండు తీరమునకు దూరముగా, అట్లాంటిక్కు సముద్రముపై, దుర్మార్గులు పెట్టిన బాంబు ఆకసముననే పేలినది. అందున్న 329 మందిలో ఒక్కరును మిగులలేదు. అరువదిమూడవ యేట, ఇంకను చేయవలసినది చాల యుండగనే, తెనాలిసీమ బిడ్డడు ఆ దూరసముద్రమున కలసిపోయెను. ఎవరితోను వైరము లేనివారు, ఎవరి పగకో బలియైరి.

కొండపల్లి అరుగులయొద్దకు మరల వత్తము. అచ్చట నేడు తెల్లపొణికి కర్ర మునుపటివలె సులభముగా దొరకుటలేదు. కొండమీద చెట్లు తగ్గినవి. దూరము పోయి తేవలసివచ్చుచున్నది. పొణికికి బదులేమి, మక్కునకు మరింత బలమెట్లు, చెమ్మకు ఉబ్బక ఎండకు పగులక నిలుచు బొమ్మను చేయుటెట్లు, ఇవియన్నియు పాలిమరు శాస్త్రపు ప్రశ్నలే. వీనికి సమాధానములు చెప్పగల ప్రయోగశాలలు మనకు నేడు చాల కలవు. ఆ ప్రయోగశాలలకును ఈ అరుగులకును నడుమ నడచు మనుష్యులు అరుదు. నాయుడమ్మగారే బ్రదికియున్నచో ఏమి చేసియుందురో వారి జీవితమెరిగినవారు ఊహింపగలరు. పరికరముల మాట తరువాత. మొదట వచ్చి ఆ అరుగుమీద కూర్చుండి, చింతగింజను ఎంత నానబెట్టుచున్నారో, పిండిని ఎంతసేపు నూరుచున్నారో ఆ పనివారిని అడిగి తెలిసికొనియుందురు.